టమాటా తోట, గాజు గ్లాసు: నా అనుభవం

కిలో టమాటా వంద దాటిందని టీవీలో చెప్తున్న వారంలోనే, కాయలున్న చెట్లను వేళ్ళతో సహా పీకి గోనెసంచుల్లో కుక్కాను. ఆరు వందల నలభై చెట్లు. లెక్క నాకు ఇంత కచ్చితంగా ఎందుకు తెలుసంటే, ఒక్కోటి పీకేటప్పుడు మా అత్త గట్టు మీద కూర్చుని గట్టిగా లెక్కపెట్టింది. నన్ను తిట్టడానికి అదొక పద్ధతి.

మాది మదనపల్లె దగ్గర పల్లె. ఎకరం తోట. సెప్టెంబరు ఆఖర్లో ఏడు వేల నారు నాటాం. కట్టెలు పాతి, దారం రెండు వరసలు లాగి, కాయ నిమ్మకాయంత అయ్యేసరికి 2021 నవంబరు 18 రాత్రి వాన పట్టుకుంది. తెల్లారితే కార్తీక పున్నమి. దీపం పెట్టడానికి గడప మీద పొడి జాగా లేదు. వాయుగుండం పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటిందన్నారు, ఆ ఉదయమే రాజంపేట పక్క అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిందన్నారు. చెయ్యేరు నది ఊళ్ళనే ఊడ్చుకుపోతుంటే నా టమాటా కోసం ఏడవడమేమిటని ఆ రోజు నోరు మూసుకున్నాను. మూడు సాగు చట్టాలు వెనక్కి తీసుకుంటున్నామని ప్రధాని చెప్పింది కూడా ఆ పొద్దునే. మా ఆయన ఫోన్‌లో చూపిస్తే, ముందు ఈ నీళ్ళను వెనక్కి తీసుకోమను అన్నాను.

మా చెరువు నిండి మొరవ పారి, ఆ నీళ్ళు పై మడిలోంచి మా తోటలోకి దిగాయి. పై మడిలో వంకాయ తోట, అప్పటికే సగం ఎండిపోయి ఉండింది. ఆ సంగతి తర్వాత చెప్తాను. నీళ్ళు పిక్కల దాకా నిలబడ్డాయి. టమాటా వేరు నీళ్ళలో రెండు రోజులు మునిగితే ఊపిరాడక చచ్చిపోతుంది, వరి కాదు కదా. కింది తోట అన్న ఊళ్ళో లేడు, కూతురింటికి పోయి దారులు తెగి అక్కడే ఉండిపోయాడు. అడిగేదానికి ఫోన్ కలవలేదు. నేనూ మా ఆయనా కింది పక్క గెనెం, అంటే ఆయన తోటకూ మా తోటకూ నడుమ గట్టు, కొట్టేశాం. సాయంత్రానికి మా నీళ్ళన్నీ ఆయన తోటలోంచి వంకలోకి పోయాయి.

తర్వాత రెండు మూడు రోజుల పని కష్టమే గానీ తికమక లేదు. పడిపోయిన కట్టెలు నిలబెట్టాం. బురద కొట్టుకున్న అడుగాకులు జానెడు ఎత్తుదాకా తుంచి బయట పారేశాం. మట్టి మీద పరిచిన మల్చింగ్ షీటు అంచులు ఎత్తి మట్టికి గాలి తగలనిచ్చాం. వేరు పనిచెయ్యదు కాబట్టి ఆకు మీద లీటరుకు పది గ్రాముల లెక్కన పదమూడు-సున్నా-నలభై అయిదు ఎరువు కొట్టాం. చెట్టు కాస్త తల ఎత్తింది. బతికినాం అనుకున్నా.

అయిదో రోజు మధ్యాహ్నం పై గట్టు పక్కన పన్నెండు చెట్లు తల వాల్చాయి. ఆకు పచ్చగానే ఉంది, పండలేదు, మచ్చ లేదు. వేడినీళ్ళు పోసినట్టు వేలాడిపోయాయంతే. పొద్దు గూకేసరికి మళ్ళీ లేచాయి. మర్నాడు వాలినవి లేవలేదు, ఇంకో ఇరవై తోడయ్యాయి. ఎండ కాసింది కదా, దప్పికేమో అని డ్రిప్పు వదిలాను. ఇంతకంటే తెలివితక్కువ పని నేను ఈ ఏడాది చెయ్యలేదు.

ఒక చెట్టు పీకి కవర్లో పెట్టుకుని బస్సెక్కి మందుల అంగడికి పోయాను. పేరు చెప్పను. నాలుగేళ్ళుగా మా ఖాతా అక్కడే.

"ఇంట్లో మగోళ్ళు లేరా అమ్మా?" అన్నాడు.

"ఉండారు. కట్టెలు నిలబెడుతుండారు."

"వాళ్ళను పంపీ. చెప్తా."

కవరు బల్ల మీద పెట్టాను. విప్పి కూడా చూడలేదు. "అదేం చూడబన్లేదు, ఇప్పుడు అందరికీ అదే" అని అయిదు రకాలు ముందర పెట్టాడు: రాగి మందు, ఒక పురుగు మందు, పందొమ్మిది-పందొమ్మిది-పందొమ్మిది అనే భాస్వరం కలిసిన ఎరువు, కాల్షియం, ఇంకోటి సీసా మీద సింహం బొమ్మ. అన్నీ ఒకే ట్యాంకులో కలిపి కొట్టమన్నాడు. మూడు వేల ఎనిమిది వందల నలభై. బిల్లు అడిగితే ఖాతాలో రాసుకున్నాలే అన్నాడు.

కలిపాను. ఇరవై లీటర్ల ట్యాంకులో అయిదోది పడేసరికి నీళ్ళు విరిగిన పాలలాగా అయ్యాయి. అడుగున సున్నం ముద్దలు. నాజిల్ నాలుగుసార్లు మూసుకుపోతే నోటితో ఊదబోయి మా ఆయన చేత తిట్లు తిన్నాను. అప్పుడైనా ఆపాలి. డబ్బు పెట్టి తెచ్చిన మందు పారబోసేదానికి చెయ్యి రాలేదు, కొట్టేశాను. మర్నాటికి బాగున్న చెట్ల ఆకుల అంచులు కూడా మాడాయి.

మళ్ళీ పోయాను. ఈసారి అంగట్లో ఏడెనిమిది మంది ఉన్నారు, అందులో ఇద్దరు మా ఊరోళ్ళే. మాడిన ఆకు చూపించాను.

"చదువుకున్నదానివి కదమ్మా, ఏది ముందు ఏది వెనక కలపాలో తెలీదా?" అని పెద్ద గొంతుతో అన్నాడు. అన్నీ ఒకే ట్యాంకులో అన్నది నువ్వే కదా అన్నాను. "నేను ఆడోళ్ళకు చెప్పనే లేదే, మగోళ్ళను పంపమన్నా" అన్నాడు. వెనకాల బెంచీ మీద ఒకాయన, "సాంబారనుకుని అన్నీ వేసేసింటాది" అన్నాడు. నవ్వారు. మా ఊరోళ్ళిద్దరూ నవ్వారు.

నేను ఇంటర్ చదివాను. ఆ తోటకు నారు ఎంచుకున్నది నేను, కూలోళ్ళను పిలిచింది నేను, డ్రిప్పులో ఎరువు ఏ రోజు ఎంత వదలాలో నోటుపుస్తకంలో రాసుకున్నది నేను. ఇవన్నీ ఆ అంగట్లో చెప్పుంటే బాగుండేది. చెప్పలేదు. కవరు తీసుకున్నాననుకుని బయటికి వచ్చేశాను. బస్టాండు దాకా వచ్చాక చూసుకుంటే, చేతిలో కవరు లేదు, మాడిన ఆకు ఒక్కటే ఉంది. కవరు కోసం మళ్ళీ లోపలికి పోవాల్సి వస్తుందని అక్కడే వదిలేశాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

ఒకటి మాత్రం చెప్తాను. మీ చెట్టును చూడకుండా మందు ఇచ్చే అంగడికి పోవద్దు. కాల్షియం, భాస్వరం ఉన్న ఎరువు ఒకే ట్యాంకులో పడితే ముద్దకడతాయి, ఇది నాకు తర్వాత తెలిసింది. కొత్తగా రెండు మందులు కలపాలంటే ముందు చిన్న సీసాలో అదే పాళ్ళలో కలిపి అరగంట పక్కన పెట్టండి. విరిగితే వద్దు. ఆ అరగంట నేను ఆగుంటే చెట్లయినా మాడకుండా ఉండేవి.

ఈలోపు పంట నష్టం రాసుకునేదానికి గ్రామ సచివాలయం నుంచి ఉద్యాన సహాయకురాలు వచ్చింది. మా చెల్లెలి వయసు పిల్ల. ముప్పై మూడు శాతం దాటితేనే పెట్టుబడి రాయితీ అంట. చెట్టు నిలబడుంటే నష్టం కాదు, పడితే నష్టం. నావి నిలబడే చస్తున్నాయి, వాటిని ఏ గడిలో రాస్తారో తెలీదు. ఫారం నింపి, ఫొటో తీసుకుని, పోబోతూ వాలిన చెట్టు దగ్గర ఆగింది.

"అక్కా, ఇంట్లో గాజు గ్లాసుందా?"

స్టీలు గ్లాసులు తెస్తానన్నా. వద్దు, లోపల కనపడాలి అంది. మా ఇంట్లో ఉన్నది ఒకటే. మావోడికి బడిలో పరుగు పందెంలో ఇచ్చింది, బీరువాలో ఉంటుంది. దాన్నిండా మంచినీళ్ళు పోసి తెచ్చాను. ఆ పిల్ల వాలిన చెట్టును మట్టికి దగ్గరగా కోసి, బెత్తెడు కాడ తీసుకుంది. కోసిన చోట నడుమ గోధుమరంగు వలయం. కాడ కింది కొన నీళ్ళకు తగిలేట్టు పట్టుకుని, కదలకుండా ఉండక్కా అంది.

రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత కాడ కొసనుంచి సన్నటి తెల్ల దారం దిగింది. అగరొత్తి పొగ పైకి పోతుంది చూడండి, అది తలకిందులైతే ఎట్లుంటుందో అట్లా. కొంచెం వంకరలు తిరిగి, అడుగుకు చేరి, అక్కడ పరుచుకుంది. మళ్ళీ ఇంకో దారం. బాగున్న చెట్టు కాడ పెట్టి చూపించింది, నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"ఇది బాక్టీరియా వడలు తెగులు. అవన్నీ పురుగులే అనుకో, కంటికి కనపడనివి. నీళ్ళు పోయే గొట్టాలన్నీ మూసేస్తాయి. అందుకే నువ్వు డ్రిప్పు వదిలినా చెట్టు తాగలేదు."

"మందు?"

"లోపలికి పోయినాక ఏ మందూ లేదక్కా."

మూడు వేల ఎనిమిది వందల నలభై రూపాయల మాట ఆమెకు చెప్పలేదు. నీళ్ళు నిలిచి వేరు కుళ్ళిన చెట్టయితే వేరు పైపొర చొక్కా చెయ్యిలాగా ఊడొస్తుందంట, వాసన వేస్తుందంట, గ్లాసులో పెడితే దారం రాదంట. మా పై మడి వంకాయ తోట ఎందుకు ఎండిందో అప్పుడు అర్థమైంది. టమాటాకూ వంకాయకూ మిరపకూ ఇది ఒకటే జబ్బు. మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది, వాననీళ్ళతో ఒక మడినుంచి ఇంకో మడికి నడుస్తుంది.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రభస. పచ్చికాయలున్న చెట్టును పీకడమా, రేటు వంద ఉండగా? మా ఆయన రెండు రోజులు చూద్దామన్నాడు. ఆ రెండు రోజుల్లో అరవై చెట్లు నూటయాభై అయ్యాయి. మూడో రోజు నేనే మొదలుపెట్టాను. మట్టితో సహా పెకలించడం, అక్కడే సంచిలో వెయ్యడం, తోటలో ఈడ్చకుండా మోసుకుపోవడం, దూరంగా గుంట తీసి తగలబెట్టడం. పీకిన గుంటలో పిడికెడు బ్లీచింగ్ పొడి. కొడవలిని బ్లీచింగ్ నీళ్ళలో ముంచి ముంచి వాడాను. ఆ వరసలకు డ్రిప్పు వాల్వు కట్టేశాను. చుట్టూ ఉన్న మంచి చెట్ల మొదళ్ళలో కాపర్ ఆక్సీక్లోరైడు అనే రాగి మందు లీటరుకు మూడు గ్రాములు పోశాం. అది వైద్యం కాదు, కంచె లాంటిదని ఆ పిల్ల ముందే చెప్పింది. కొందరు రాగి మందుతో పాటే ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు కూడా పోస్తారు. పొయ్యకండి, రాగి దాన్ని దెబ్బతీయొచ్చు.

వ్యాప్తి ఆగేదానికి వారం పట్టింది. డిసెంబరు మొదట్లో మబ్బు, రాత్రి చలి, తెల్లారి మంచు, ఇంకేం, ఆకుల మీద నీళ్ళలో నానినట్టు నల్లమచ్చలు, తిప్పి చూస్తే తెల్ల బూజు. లేట్ బ్లైట్ అనే ఇంకో తెగులు అది. ఈసారి కంగారు పడలేదు. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసి ఉన్న మందు లీటరుకు రెండు గ్రాములు, ఒక్కటే, జిగురుతో, ఆకు అడుగుభాగం తడిసేట్టు కొట్టాం. అది ఆగిపోయింది. వేరే ఊళ్ళో అంగట్లో తెచ్చాను, బిల్లుతో.

మొదటి కోత ముప్పై నాలుగు బాక్సులు. పోయినేడు ఇదే తోటలో మొదటి కోతకు అరవై దాటాయి, అయినా మదనపల్లె మార్కెట్టులో రేటు బాగా పలికింది, పెట్టుబడిలో చాలా భాగం వెనక్కొచ్చింది. చూడకుండా మందిచ్చినాయన ఖాతా తీర్చేశాను. ఊళ్ళో కొందరు నన్ను డాక్టరమ్మ అంటున్నారు. ఆ అంగట్లో నవ్విన మా ఊరోళ్ళిద్దరిలో ఒకాయన పోయిన వారం ఒక కాడ పట్టుకుని వచ్చాడు. చూసి చెప్పాను. సాంబారు మాట ఎత్తలేదు, కానీ రెండో చెట్టు కూడా తెమ్మని ఇంకోసారి తిప్పించాను.

వచ్చే పంటకు ఆ పై వరసల్లో మొక్కజొన్న వేస్తున్నాం, టమాటా జాతి ఏదీ రెండు మూడేళ్ళు వద్దన్నారు. కింది వరసల్లో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ళ అర్క రక్షక్ టమాటా కొంచెం పెట్టి చూస్తా, వడలు తెగులును తట్టుకునే రకం అది. అడవి వంగకు అంటుకట్టిన టమాటా నారు కూడా ఉంటుందంట, దాని వేరు నీళ్ళలో ఇంకాస్త సేపు ఓర్చుకుంటుందంట.

గాజు గ్లాసును మా అత్త మళ్ళీ ఇంట్లోకి రానివ్వలేదు. మోటారు గదిలో, ఫ్యూజు డబ్బా మీద ఉంది. మావోడు అలిగాడు.

నిన్న సాయంత్రం కింది తోట అన్న గట్టు మీద నిలబడి పిలిచాడు. ఆయన తోట మాకంటే నెల చిన్నది, ఇప్పుడే పిందె పడుతోంది. వానలప్పుడు ఊళ్ళో లేడు కదా, మా గెనెం తెగి ఉండటం చూసి వరదకు తెగిందనే అనుకున్నాడు, మేమూ కాదనలేదు. చేతిలో ఒక చెట్టు. ఆకు పచ్చగా ఉంది, తల వాల్చేసింది.

"మీ గట్టు పక్కనే మొదలైంది అమ్మాయ్, నాలుగు చెట్లు. ఆ గ్లాసు పరీక్షేదో చేసి చూడు."

చెట్టు తీసుకున్నాను. మోటారు గదిలోకి పోయి గ్లాసు కడిగి, నీళ్ళు నింపి తెచ్చి, గెనెం కొట్టిన చోటే కూర్చున్నాను. ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు. కాడ కోశాను.