సరుగుడు తోట నుంచి మడ అడవికి

ఒడలరేవు ఒడ్డున సరుగుడు తోటలోకి అడుగుపెట్టగానే మావయ్య అడిగాడు: "ఏమే, మీ ఫిన్లాండ్ చెట్లు ఇవేగా?"

చూడ్డానికి అలాగే ఉంటాయి మరి. నేను రెండేళ్ళు ఉద్యోగం చేసిన రొవానియెమి, ఉత్తర ధ్రువ వలయాన్ని ఆనుకున్న ఊరు. అక్కడ అడవంతా దాదాపు పైన్, స్ప్రూస్, బిర్చ్. కళ్ళు మూసుకుంటే పైన్ హోరుకీ సరుగుడు హోరుకీ తేడా తెలీదు. కానీ వీటికి చుట్టరికం లేదు. రాలిన సరుగుడు సూది ఒకటి తీసి, కణుపు దగ్గర విడదీసి మళ్ళీ అతికించి, "ఎక్కడ విరిచానో చెప్పు" అన్నాను. చిన్నప్పుడు మావయ్యే నేర్పిన ఆట. ఆ కణుపు చుట్టూ పళ్ళలా కనీ కనిపించకుండా ఉండేవే దాని అసలు ఆకులు. సూది అనుకునేది సన్నటి రెమ్మ. పైన్ సూది మాత్రం నిజంగా ఆకే. పైగా సరుగుడు పూస్తుంది, పైన్‌కి పువ్వే లేదు.

మర్నాడు అమలాపురం నుంచి ఎదుర్లంక వారధి మీదుగా గౌతమి దాటి, యానాం మీద నుంచి కోరింగ మడ అడవికి వెళ్ళాం. దారిలో పెసరట్టు ఉప్మా దగ్గర మావయ్య గంట కూర్చున్నాడు. మేం పడవెక్కేసరికి ఆటు మొదలై చాలాసేపయింది. "తొరగా వచ్చేద్దారండి, నీరు లాగేస్తందండి" అన్నాడు పడవబ్బాయి. వినలేదు. ఇంకాస్త లోపలికి, ఇంకాస్త లోపలికి అని మావయ్యే పోనిచ్చాడు. చివరికి పడవ బురదలో కూర్చుంది.

"పోటొచ్చేదాకా కదల్దండి. ఆయ్."

మూడు గంటలు. సీసాలో నీళ్ళు మొదటి గంటలోనే అయిపోయాయి. చుట్టూ బురదలోంచి మేకుల్లా లేచిన మడ వేళ్ళు, వాటి మధ్య ఎర్ర పీతలు. కాలువలో ఇంకా కాసిన్ని నీళ్ళున్నాయి గానీ గుక్కెడు తాగడానికి పనికిరావు. పడవబ్బాయి మడ ఆకు ఒకటి తెంపి మావయ్యకిచ్చి నాకి చూడమన్నాడు. ఉప్పు! వేళ్ళ దగ్గర ఆపగలిగినంత ఉప్పు ఆపి, మిగిలినది ఆకుల మీద నుంచి బయటికి పంపేస్తుంది మడ చెట్టు. దళసరి, మైనం పూసినట్టుండే ఆ ఆకు తడిని తేలిగ్గా వదలదు.

నాకు రొవానియెమి మార్చి నెల గుర్తొచ్చింది. మోకాలి లోతు మంచు, అంటే నీళ్ళే, కానీ కింద నేల గడ్డకట్టి ఉంటే వేరుకి చుక్క అందదు. పైన మాత్రం ఎండ కాసి సూదుల్లోని తడిని లాగుతుంది. అందుకే ఆ ఆకులు అంత సన్నంగా, మైనంతో ఉంటాయి. శ్వాసరంధ్రాలు గుంటల్లోకి దిగి ఉంటాయి. ఆ చెట్లకి చలితో పాటు దాహం కూడా శత్రువే. సైబీరియాలో పెరిగే లార్చ్ చెట్టుదైతే ఇంకో దారి, ఉన్న సూదులన్నీ చలికాలానికి ముందే రాల్చేస్తుంది. ఆకే లేకపోతే దాహమెక్కడిది? సైబీరియా ఉత్తర కొసన తైమిర్ ద్వీపకల్పంలో 72 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి, అరీ-మాస్ అనేచోట కూడా లార్చ్ అడవి నిలిచిందంటే ఆ తెలివి వల్లే కొంత.

"ఎన్నేళ్ళు బతుకుతాయే అవి?" అన్నాడు మావయ్య, పెదాలు తడుపుకుంటూ. స్వీడన్‌లో ఓల్డ్ టిక్కో అనే స్ప్రూస్ గురించి చెప్పాను. కాండం మామూలుదే, అయిదు మీటర్లు. వేళ్ళ వయసు మాత్రం సుమారు 9,550 ఏళ్ళు. కాండం చచ్చినప్పుడల్లా అదే వేరు నుంచి కొత్తది లేస్తుంది. మావయ్య నమ్మలేదు. ఆ ఉప్పటి నోటితో ఏది చెప్పినా నమ్మేలా లేడు.

మూడున్నరకి పడవ కింద నీళ్ళు కదిలాయి. ఒడ్డెక్కాక మావయ్య ఏం మాట్లాడకుండా రెండు బొండాలు తాగి, మూడోది కొట్టమన్నాడు.