మార్కెట్ పడ్డప్పుడు పెన్షన్ యూనిట్లు అమ్మొద్దు

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. లంకల్లో గొడ్లను గట్టెక్కించాల్సింది అప్పుడే; 17.75 దగ్గర మూడోది వచ్చేదాకా ఆగకూడదు. రిటైర్మెంట్ డబ్బుకూ అంతే.

2020 మార్చి 23న షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది, జనవరి శిఖరం నుంచి సుమారు 38 శాతం కింద. షేర్లలో పెట్టిన పెన్షన్ ఫండ్‌లో మన వాటాలే యూనిట్లు. వాటిని అమ్మి నెలకు 30,000 రూపాయలు తీసుకునేవారికి యూనిట్ ధర 100 ఉంటే 300 యూనిట్లు పోతాయి. 62కి పడితే 484. ఆ అదనపు 184 యూనిట్లు, మార్కెట్ మళ్లీ లేచినా, ఇక మనవి కావు. అసలు దెబ్బ ఇదే.

అందుకే మూడేళ్ల ఖర్చు, అంటే 10.8 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లలో, త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లో ముందే వేరుగా పెట్టుకోండి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం వడ్డీ మూణ్ణెల్లకోసారి చేతికొస్తుంది, గడువుకు ముందే మూసేస్తే మాత్రం కోత పడుతుంది. పతనంలో ఈ గాదెలోంచే తినండి. సూచీ కోలుకున్నాకే యూనిట్లు కొన్ని అమ్మి గాదె నింపండి.