ఏడో నెల పున్నమికి కాగితపు తామర దీపం

చైనా పంచాంగంలో ఏడో నెల పదిహేనో రోజు పోయినవాళ్లది. తావో మతస్థులు దాన్ని జోంగ్‌యువాన్ అంటారు, బౌద్ధులు ఉల్లంబన అంటారు. 2026లో అది ఆగస్టు 27న వస్తోంది, మన శ్రావణ పున్నమికి ముందురోజు. సింగపూర్, మలేషియాల్లో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ నెల సంగతి తెలిసిందే: వీధి పక్కన కాలే కాగితపు డబ్బు, లావుపాటి అగరొత్తులు, రాత్రి పాటకచేరీల్లో కంటికి కనబడని అతిథుల కోసం ఖాళీగా ఉంచే ముందు వరస కుర్చీలు. పిల్లలు దీన్ని దయ్యాల పండుగ అనుకుని జడుసుకుంటారు. వాళ్ల చేత ఒక తామర దీపం మడతపెట్టించి, మడతలు వేస్తున్నంతసేపూ దాని వెనకున్న కథ చెప్పండి.

కథ ఉల్లంబన సూత్రమనే బౌద్ధ గ్రంథంలోది. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు దివ్యదృష్టితో చూస్తే తల్లి ప్రేతలోకంలో ఎముకలగూడై కనిపించింది. గిన్నెలో అన్నం తీసుకెళ్లి ఇచ్చాడు. ఆవిడ ఎడమచేత్తో గిన్నెను మరుగుచేసి, కుడిచేత్తో ముద్ద తీసుకుంది. అది నోటిదాకా వెళ్లకముందే నిప్పుకణికలైంది. కొడుకు ఏడుస్తూ బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. నీ ఒక్కడి శక్తి చాలదు, పది దిక్కుల భిక్షుసంఘమంతా కలిస్తేనే ఆమెకు విముక్తి అన్నాడాయన. భిక్షువుల వానాకాలపు వ్రతం ముగిసే ఆ ఏడో నెల పదిహేనో రోజున సంఘానికి భోజనం పెట్టమని, ఆ పుణ్యం ఇప్పటి తల్లిదండ్రులకూ వెనకటి ఏడు తరాలవాళ్లకూ చెందుతుందని చెప్పాడు.

కథ చెప్పేటప్పుడు చాలామంది నిప్పుకణికల దగ్గర ఆగుతారు. నేనైతే ఆ ఎడమచేతి దగ్గర ఆగమంటాను. ఆకలితో ఉన్నవాళ్ల నడుమ కూర్చుని గిన్నెను చాటుచేసుకున్న చేయి అది. ఈ పండుగలో నీళ్లమీద దీపాలు వదిలేది సొంత పెద్దల కోసమే కాదు, తలుచుకునేవాళ్లు ఎవరూ మిగలని జీవుల కోసం కూడా. దీపం ఆరితే ఒకరికి దారి దొరికినట్టని నమ్మకం. మన తర్పణంలో కూడా చివర దిక్కులేనివాళ్ల పేరున నీళ్లు వదులుతాం కదా, ఆ భావమే.

ఇక కాగితం. ఏ4 సైజు కాగితాన్ని 21 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించండి. మామూలు ప్రింటర్ కాగితం పనికిరాదు. మూడో మడతకే బిరుసెక్కి, రేకు లాగేటప్పుడు మూలల్లో చిరుగుతుంది. పల్చటి రంగు కాగితం గానీ, బహుమతులు చుట్టే కాగితంలో పల్చటి రకం గానీ తీసుకోండి. గులాబీ, తెలుపు, పసుపు ఏదైనా బాగుంటుంది. ఐదేళ్లలోపు పిల్లలకు పేపర్ నాప్కిన్ ఇవ్వండి. అది తేలదు, కానీ చిరగకుండా లొంగుతుంది.

చదరాన్ని ఐమూలగా రెండుసార్లు మడిచి విప్పితే నడిమి బిందువు తెలుస్తుంది. నాలుగు మూలలూ ఆ బిందువుకు తెచ్చి మడవండి. చిన్న చదరం వస్తుంది. దాని నాలుగు మూలలనూ మళ్లీ నడిమికి మడవండి. ఇప్పుడు బోర్లా తిప్పి, మూడోసారి అదే పని. 21 సెంటీమీటర్ల కాగితం చివరికి సుమారు ఏడున్నర సెంటీమీటర్ల చదరమవుతుంది. ప్రతి మడతనూ చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దాలి. చిన్నపిల్లలకు ఈ పని ఇష్టం కూడా.

అసలు గడబిడంతా మూలలు కలిపేచోటే జరుగుతుంది. పిల్లలు మూలను నడిమి బిందువు దాటించి ఒకదానిపై ఒకటి ఎక్కిస్తారు. మొదటి మడతలో ఆ తప్పు కనబడదు, మూడో మడతకు పువ్వు ఒకవైపు ఒరుగుతుంది, రేకులు అడుగున ఇరుక్కుంటాయి. అందుకే బిందువుకు ఒక మిల్లీమీటరు ఇవతలే ఆపమని ముందే చెప్పండి. కొంచెం సందు ఉంటే నష్టం లేదు.

తర్వాత నడిమి నాలుగు కొసలమీద చిన్న స్టీలు గ్లాసు బోర్లించి, అది కదలకుండా ఒకరు పట్టుకోవాలి. ఇంకొకరు ఒక్కో మూల కింద వేలు పెట్టి, అడుగునున్న పొరను మెల్లగా బయటికి తీసి మూల చుట్టూ పైకి తిప్పాలి. నాలుగు రేకులు. ఆ తర్వాత ఆ రేకుల మధ్య, చదరం పక్కల అడుగున మిగిలిన పొరలను లాగితే ఇంకో నాలుగు. ఈ వరస తప్పకూడదు. పక్కలవి ముందు లాగితే మూలలవి రావు. గ్లాసు పట్టుకోకపోతే నడిమి కొసలు లేచి పువ్వంతా విప్పుకుంటుంది. ఒక్కడి చేతులతో ఇది కష్టమే. సూత్రంలో బుద్ధుడన్న మాట పిల్లలకు ఇక్కడ గుర్తుచేయొచ్చు.

తేలడానికి చైనాలో అట్టముక్క, పల్చటి చెక్క వాడతారు. తెలుగువారింట అంతకంటే మంచిది ఉంది: కార్తీకంలోనూ పోలి పాడ్యమికీ దీపాలు వదిలే అరటి దొప్ప. వెడల్పాటి ముక్కమీద పువ్వును రెండు పుల్లలతో గుచ్చండి. అడుగున కొవ్వొత్తి రుద్దితే నీళ్లు పీల్చడం కొంత ఆలస్యమవుతుంది. థర్మోకోల్ వద్దు. దీపం సరిగ్గా నడిమిలో లేకపోతే పడవ ఒకవైపు ఒరిగి, తడిసిన రేకు మునిగిపోతుంది.

నిజం మంట పెడితే, గాలికి రేకు లోపలికి వాలితే చాలు అంటుకుంటుంది. అందుకని పిల్లల దీపానికి బ్యాటరీ దీపమే మేలు. స్క్రూతో మూసే మూత ఉన్నదే కొనండి, అందులోని గుండీ బ్యాటరీని చిన్నపిల్లలు మింగితే ప్రాణాపాయం. చెరువుకు బదులు ఇంట్లో వెడల్పాటి తొట్టి చాలు.

తైవాన్‌లోని కీలుంగ్ రేవులో ఈ వేడుక చాలా పెద్దది. అక్కడ 1855 నుంచి ఇంటిపేర్ల వారీగా వంశాలు వంతులవారీగా జరుపుతున్నాయి. పద్నాలుగో రాత్రి ఇళ్ల ఆకారంలో కాగితపు దీపాలను, ఒక్కోదానిమీద వంశం పేరు రాసి, సముద్రంలోకి వదులుతారు. అవి మండుతూ ఎంత దూరం పోతే ఆ వంశానికి అంత మంచిదంటారు.

మీ ఇంట్లో తాతమ్మ పేరు, ముత్తాత పేరు రేకు లోపలివైపు పెన్సిల్‌తో రాయించండి. స్కెచ్ పెన్ సిరా తడికి పారుతుంది. ఎన్ని పేర్లున్నా, వాటికి మరో పువ్వు కలిపి చేయించి, దానిమీద ఏమీ రాయొద్దు. పిల్లలు అది ఎవరిదని అడిగితే, ఎవరూ లేనివాళ్లదని చెప్పి, ముందు దాన్నే నీళ్లలో వదిలించండి.