తాత ఆయిలింజను, ఏడు నిమిషాల పేచీ

కళ్యాణదుర్గం వైపు మా ఊళ్లో, బావి పక్కన రేకుల పాకలో తాత ఆయిలింజను ఏళ్ల తరబడి పడి ఉంది. బావి ఎండింది, బోరు వేశారు, 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఆ తర్వాత దాని మొహం ఎవరూ చూడలేదు. పాత ఇనుముకు అమ్మేద్దామని ఇంట్లో మాట వచ్చినప్పుడు, ఒక్కసారి తిప్పి చూస్తానని నేను అడ్డం పడ్డాను. పని ఆదివారాలకే పరిమితం.

మొదటి ఆదివారం: ఒకటే సిలిండరు, 5 హార్స్‌పవర్, నిమిషానికి 650 చుట్లు. ఇంగ్లండు లిస్టర్ నమూనాలో రాజ్‌కోట్‌లో తయారైన రకం. హ్యాండిలు వేస్తే వెంట్రుకవాసి కూడా కదలలేదు. చక్రం చువ్వల మధ్య గడ్డపార దూర్చబోతుంటే, ఒకప్పుడు ఈ ఇంజనుకే మరమ్మతు చేసిన మేస్త్రీ అరిచాడు: “వద్దు నాయనా, పోత ఇనుము వంగదు, పగులుతుంది.” సిలిండరు మీద మూతలా ఉండే హెడ్డు విప్పి, పిస్టను మీద కిరసనాయిలూ ఇంజను ఆయిలూ సగం సగం కలిపి పోసి ఇంటికి వచ్చేశాను.

రెండో ఆదివారం: పోసింది సగం దిగిపోయింది, అంటే లోపలికి పాకింది. చింతమొద్దు ముక్క పెట్టి సుత్తితో మెల్లగా తడుతూ పోతే గంటన్నరకు పిస్టను కదిలింది. బయటికి లాగి చూస్తే రింగులు మసితో గాడుల్లో అతుక్కున్నాయి. విరిగిన రింగు ముక్కతోనే గాడి గీకితే సరిగ్గా సరిపోతుంది, ఇంకే పనిముట్టూ అక్కరలేదు. కొత్త రింగులు అనంతపురం పాతూరులో దొరికాయి. వాల్వులను పేస్టు పెట్టి అరగదీసి, పోర్టులో కిరసనాయిలు పోసి చూశాను. కారలేదు.

మూడో ఆదివారం: సిలిండరులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టరును బయట గొట్టానికి తగిలించి తిప్పితే డీజిలు పొగమంచులా రావాలి. మాది ముక్కు కారినట్టు కారింది. నాజిల్ మార్చాను. ఈ పరీక్ష చేసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టకూడదు, ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

టైమింగుకు మేస్త్రీ చెప్పిన పద్ధతి నాకు భలే నచ్చింది. పిస్టను పైకి చేరడానికి 20 డిగ్రీల ముందు డీజిలు పడాలి. డిగ్రీలు కొలిచే పరికరం లేదు కాబట్టి చక్రం చుట్టూ దారం వేసి కొలిచి, దాన్ని 18తో (360లో 20 డిగ్రీలు పద్దెనిమిదో వంతు) భాగించడమే. దారం 189 సెంటీమీటర్లు వచ్చింది, అంటే పదిన్నర. అంత దూరంలో సుద్దముక్కతో గీత పెట్టుకున్నాను.

తర్వాత గొట్టాల్లో గాలి తీయాలి. ఫిల్టరు దగ్గర, పంపు దగ్గర, చివరికి ఇంజెక్టరు నట్టు దగ్గర వదులు చేసి బుడగలు ఆగేదాకా తిప్పాను. గాలి పోయిందని కళ్లకన్నా ముందు చెవికి తెలుస్తుంది: రెండు చుట్లకొకసారి ఇంజెక్టరు ‘కర్ర్’మంటుంది. హ్యాండిలును బొటనవేలు కూడా మిగతా వేళ్ల వైపే ఉంచి పట్టుకోవాలి. లేదంటే ఇంజను వెనక్కి తన్నినప్పుడు వేలు పోతుంది. తిప్పడం తేలికవడానికి వాల్వును తెరిచి ఉంచే లివరును, వేగం అందుకున్నాక వదిలాను. తెల్లపొగ, రెండు దగ్గులు, ఆ వెంటనే డుబ్, డుబ్, డుబ్. జేజి చీపురు పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

ఏడు నిమిషాలకు ఆగిపోయింది.

నాలుగు, అయిదు ఆదివారాలు: మళ్లీ గాలి తీస్తే మళ్లీ నడిచేది, మళ్లీ ఏడు నిమిషాలకే ఆగేది. ఫిల్టరు, గొట్టం, రాగి వాషర్లు అన్నీ మార్చాను. పంపు పోయిందేమోనని కొత్తదాని ధర కూడా అడిగి వచ్చాను. ఒకరోజు డీజిలు తక్కువై ట్యాంకు సగమే నింపితే అరగంటకు పైగా నడిచింది. నిండుగా ఉంటే ఏడు నిమిషాలు, సగం ఉంటే అరగంట! ఇదెక్కడి లెక్క అని రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

ఆరో ఆదివారం: ట్యాంకు నింపి, గడియారం చూస్తూ కూర్చున్నాను. శబ్దం నీరసించగానే మూత తిప్పాను. ‘ఉస్స్’మని గాలి లోపలికి పోయింది, ఇంజను తేరుకుంది. మూత తిరగేసి చూస్తే గాలి ఆడే చిన్న రంధ్రంలో కందిరీగ పెట్టిన మట్టి, సిమెంటులా గట్టిపడి ఉంది. డీజిలు దిగేకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, కిందికి రావలసిన డీజిలును పైకి పట్టి ఉంచుతోందన్నమాట. నిండు ట్యాంకులో గాలికి ఉన్న చోటే తక్కువ కాబట్టి ఆ పట్టు త్వరగా బిగుస్తుంది. మూత ఇన్నిసార్లు తీశానే గానీ ఒక్కసారీ తిరగేసి చూడలేదు! జేజి గాజుకున్న పిన్నీసు అడిగి పొడిచాను.

ఆ రోజు రెండు గంటలు ఏకధాటిగా నడిచింది. ఇంజనును చల్లబరిచే డ్రమ్ము నీళ్లు వేడెక్కాయి, సిలిండరు అడుగున, చుట్టూ ఆ నీళ్లు తిరిగే వాటర్ జాకెట్ దగ్గర మాత్రం చుక్క చుక్కగా కారుతోంది. వచ్చే వారం దాని సంగతి చూడాలి. పిన్నీసు ఇంకా నా జేబులోనే ఉంది. జేజి రెండుసార్లు అడిగింది.