మట్టి వేశాక ఖబర్ (సమాధి) తెరవొచ్చా?

ఖబర్ల మీద వచ్చే తగాదాల్లో చాలావాటికి మూలం మట్టి వేసే ముందు తొందరపడటమే. మన వరంగల్, కరీంనగర్ వైపు ముస్లింలలో ఎక్కువమంది హనఫీలు కాబట్టి వాళ్ల ఫిఖ్‌హ్ (ధర్మశాస్త్రం) ప్రకారమే చెబుతున్నా.

మనకు ఖిబ్లా (కాబా ఉన్న దిక్కు) పడమర, కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటది. అందుకే ఉత్తర దక్షిణాలుగా తవ్వి, తల ఉత్తరానికి పెట్టి, మయ్యత్‌ను (శవాన్ని) కుడిపక్కకు తిప్పాలి. ముఖం ఒక్కటే తిప్పి వెల్లకిలా వదిలేయడం మామూలైపోయింది. వీపు వెనక మట్టిగడ్డలు ఆనిస్తే ఒళ్లంతా తిరిగి నిలుస్తది. కఫన్ (శవానికి చుట్టే గుడ్డ) ముడులు విప్పాలి. లోతు మనిషి ఎత్తులో సగమైనా ఉండాలి, ఛాతీ దాకా అయితే ఇంకా మంచిది. పడమటి గోడలో గూడు తొలిచే బగ్లీ ఖబర్ సున్నత్ (ప్రవక్త చూపిన పద్ధతి). మొరం నేలలో అది ఆగుతది. నల్లరేగడి తడిస్తే గోడ జారి మయ్యత్ మీద పడుతది, కాబట్టి అక్కడ నడుమ గుంట తీసి పైన బండలు పరిచే సందూఖీయే నయం. బండల సందులు తడిమట్టితో మూయకపోతే పై మట్టి లోపలికి జారి ఖబర్ కుంగుతది. కుంగితే పైన మళ్లీ మట్టి పోయొచ్చు, దానికి అభ్యంతరం లేదు. పైన జానెడు ఎత్తు, ఒంటె మూపురంలా ఉంటే చాలు. గచ్చు చేయడం, పైన కట్టడం, ఖబర్ మీద కూర్చోవడం మూడింటినీ ప్రవక్త (స) వద్దన్నారని ఆయన సహచరుడు జాబిర్ (రజి) చెప్పిన హదీసు సహీ ముస్లిం అనే గ్రంథంలో ఉంది. అయినా పాలరాయి ఆగడం లేదు!

ఖిబ్లా తప్పిందనో, గుసుల్ (శవానికి స్నానం) చేయలేదనో తర్వాత గుర్తొస్తే? బండలే పరిచి ఉంటే తీసి సరిచేయాలి. మట్టి పడితే ఇక తెరవకూడదు. జనాజా నమాజ్ (చనిపోయినవారి కోసం చేసే ప్రార్థన) కాకుండా పూడ్చితే, శరీరం చెడి ఉండదనుకునేంతవరకు ఖబర్ దగ్గరే చదవాలి. అదే పరాయి భూమిలో యజమాని ఒప్పుకోకుండా పూడ్చితే మాత్రం తీయమనే హక్కు ఆయనకుంది. లోపల ఎవరిదైనా సొమ్ము పడిపోయినా తెరవొచ్చు. ఖిబ్లా, గుసుల్ అల్లాహ్ హక్కు, భూమి, సొమ్ము సాటి మనిషి హక్కు. తేడా అక్కడే ఉంది.

పూడ్చకముందు తరలించే సంగతి వేరు. ఒకటి రెండు మైళ్లయితే పర్వాలేదు, అంతకు మించితే మక్రూహ్ (చేయకపోవడమే మంచిది) అన్నవాళ్లున్నారు. గల్ఫ్‌లో చనిపోతే పెట్టెలో జగిత్యాల దాకా తెప్పించడం మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్నదే. కానీ ఉహుద్ యుద్ధంలో అమరులైనవారిని మదీనాకు మోసుకొస్తుంటే, పడినచోటికే తిప్పి తీసుకెళ్లమన్నారు ప్రవక్త (స). తన సోదరుడు అబ్దుర్రహ్మాన్‌ను చనిపోయినచోటి నుంచి మక్కాకు తెచ్చినప్పుడు, తాను దగ్గరుంటే అక్కడే ఖననం చేయించేదాన్నని ప్రవక్త భార్య ఆయిషా (రజి) అన్నారు.

మిడ్ మానేరు జలాశయం లాంటి వాటి ముంపు ఊళ్లలో పాత ఖబర్లు తరలించొచ్చా అన్న ప్రశ్న కష్టమైంది. నీటివల్ల ఖబర్ చెడిపోతుందంటే షాఫియీ, హంబలీ అనే వేరే ఫిఖ్‌హ్‌ల పండితులు తరలింపుకు ఒప్పుకుంటారు. హనఫీ గ్రంథాల్లో అంత సడలింపు లేదు, అందుకే ముఫ్తీ (ధర్మ నిర్ణయం, అంటే ఫత్వా, ఇచ్చే పండితుడు) దగ్గర రాతపూర్వకంగా జవాబు తీసుకోకుండా పార పట్టొద్దు. ఒప్పుకున్నాక కూడా జేసీబీ పనికిరాదు. చేత్తోనే తవ్వాలి, ఒకరి ఎముకలు ఇంకొకరివాటిలో కలవకుండా గుడ్డలో చుట్టాలి. చనిపోయినవారి ఎముక విరచడం బతికున్నవారి ఎముక విరచడంతో సమానమని అబూ దావూద్ గ్రంథంలోని హదీసు. మళ్లీ గుసుల్, జనాజా నమాజ్ అక్కర్లేదు.

ఫత్వా చేతిలో ఉన్నా అధికారుల అనుమతి విడిగా తీసుకోవాలి. చావు మీద అనుమానం ఉండి శవాన్ని బయటికి తీయాల్సి వస్తే ఆ ఆదేశం బీఎన్‌ఎస్‌ఎస్ (నేర విచారణ పద్ధతి చట్టం) 196వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్‌ నుంచి రావాలి.