పొగమంచు కిందికి దిగిన దీపం

పాయింట్ రేయిస్ దీపస్తంభాన్ని చూడాలంటే కొండ దిగాలి. కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు వాయవ్యాన, పసిఫిక్ సముద్రంలోకి పొడుచుకువచ్చిన నేల కొసన ఉంటుంది. పై నుంచి 313 మెట్లు. మేలో అక్కా నేనూ వెళ్లినప్పుడు గాలి హోరుకి ఒకరి మాట ఒకరికి వినబడలేదు. గాలి మరీ ఉధృతమైతే మెట్ల దారి మూసేస్తారు.

ఈ కట్టడం ఎత్తు 37 అడుగులే. ఇక్కడి పొగమంచు తరచుగా కొండ నెత్తిన పేరుకుంటుంది. శిఖరాన దీపం పెడితే వెలుగు ఆ మంచులోనే ఇంకిపోతుంది. అందుకే రాతిని పేల్చి, బాగా కిందికి ఒక చదును చేసి, అక్కడ కట్టారు. 1870లో దీపం వెలిగింది. ఒడ్డున నిలబడి చూసేవారికి ఎలా కనబడుతుందోనని కాకుండా, దారి తెలియని నావికుడికి ఏం కనబడుతుందోనని ఆలోచించిన ఆ ఇంజనీర్ల మీద నాకు ఎంతో గౌరవం కలిగింది.

ఆ రోజు కటకం గది తెరిచే ఉంది. 1867లో ఫ్రాన్సులో తయారైన కటకమది. వెయ్యికి పైగా గాజు పట్టకాలు, 24 పలకలుగా పేర్చి ఉన్నాయి. రెండు నిమిషాలకు ఒక చుట్టు తిరిగేది కాబట్టి ఓడకు అయిదు సెకన్లకొకసారి మెరుపు కనబడేది. బరువు కిందికి జారుతూ గడియారంలాంటి పళ్లచక్రాలను తిప్పేది. ఆ బరువును కాపలాదారులు రాత్రంతా రెండు గంటల ఇరవై నిమిషాలకొకసారి పైకి చుట్టాల్సి వచ్చేది, మసి తుడవాల్సి, వత్తి సరిచేయాల్సి వచ్చేది. ఆ గాజు ముందు నుంచి నాకు కదలబుద్ధి కాలేదు.

1906 ఏప్రిల్ 18 ఉదయం 5:12కి వచ్చిన మహా భూకంపంలో ఈ ద్వీపకల్పం ఉత్తరానికి దాదాపు 18 అడుగులు జరిగింది. కటకం పట్టాల మీద నుంచి తప్పుకుంది. మామూలుగానైతే దీపం ఆర్పాల్సిన సమయం 5:25. కాపలాదారులు పగలంతా మరమ్మతు చేసి సాయంత్రానికి మళ్లీ వెలిగించారు. అంత పెద్ద విపత్తులో ఓడలకు దీపం లేనిది 13 నిమిషాలే! దాన్ని సాధించినవారిని తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. 1975లో స్వయంచాలక దీపం రావడంతో పాతది విశ్రాంతి తీసుకుంది.

బయటికి రాగానే అక్క నా చేయి పట్టి లాగింది. "అదిగో, పక్కన పిల్ల కూడా ఉంది చూడు!" బూడిదరంగు తిమింగలాలు మెక్సికో మడుగుల్లో పిల్లల్ని కని, వసంతంలో ఉత్తరాన ఆర్కిటిక్ వైపు వెళ్తాయి. తల్లులు తీరానికి దగ్గరగా ఈదుతాయి కాబట్టి వాటి ఊపిరి నీటి తుంపరలుగా లేవడం దుర్భిణి లేకుండానే కనబడింది. కింది బండలనిండా నలుపు తెలుపు సముద్రపక్షులు.

తర్వాత చిమ్నీ రాక్ వైపు వెళ్తే ఏనుగు సీళ్లు అనే భారీ సముద్ర జంతువులు పాత చర్మం రాల్చుకుంటూ ఇసుకలో పడుకుని ఉన్నాయి. పెద్ద మగవి పోట్లాడుకోవడం చూడాలంటే చలికాలం రావాలట. దక్షిణానికి వెళ్లే తిమింగలాలూ జనవరిలోనే ఎక్కువ. అక్క అప్పటికి సెలవు పెట్టేసింది.