బావా, ఈ వాగు మనది కాదు

నేను మాంచెస్టర్ వచ్చి పదకొండేళ్లయింది. రోడ్డు మీద నాలుగు మారథాన్లు పరిగెత్తాను. కొండల్లో రెండు రోజుల పోటీకి వెళ్దామని అడిగింది మాత్రం మా బామ్మర్ది. వాడు లీడ్స్‌లో ఎమ్మెస్సీ చదివి అక్కడే ఉద్యోగంలో చేరాడు, శనివారం వస్తే కొండల్లోనే ఉంటాడు. "బావా, ఇది ఒక్కడు వెళ్లేది కాదు, జంటగా వెళ్లాలి. నువ్వొస్తానంటే పేర్లిచ్చేస్తా" అన్నాడు. మా ఆవిడ మమ్మల్నిద్దర్నీ చూసి ఒక్కటే అడిగింది: "దారి ఎవరు చూస్తారు?" నేనే చూస్తానన్నాను. వయసులో పెద్దవాణ్ని, ఈ దేశానికి ముందొచ్చినవాణ్ని, ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. వాడు కూడా సరే అన్నట్టు తలూపాడు.

పోటీ పేరు ఒరిజినల్ మౌంటెన్ మారథాన్. 1968లో మొదలైంది. చాలా ఏళ్లు కారిమోర్ అనే బ్యాగుల కంపెనీ పేరుతో జరిగింది కాబట్టి పాతవాళ్లు ఇప్పటికీ 'కిమ్' (కారిమోర్ ఇంటర్నేషనల్ మౌంటెన్ మారథాన్‌కి పొట్టిపేరు) అనే అంటారు. ఏటా అక్టోబర్ చివరి వారాంతంలో పెడతారు, ప్రాంతం మారుతూ ఉంటుంది. మేం వెళ్లినసారి ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో పడింది. పేరులో మారథాన్ ఉంది కానీ 42 కిలోమీటర్ల లెక్కేమీ లేదు. కొండల్లో అక్కడక్కడా నారింజ, తెలుపు రంగుల గుడ్డ కట్టిన గుర్తులు పెడతారు. వాటిని కంట్రోల్స్ అంటారు. వాగులు కలిసేచోట, పాత గొర్రెల దొడ్డి మూలలో, బండ కింద ఉంటాయి. మ్యాపూ కంపాసూ చూసుకుని మనమే వెతుక్కోవాలి. జీపీఎస్ వాడకూడదు. మేం చేరింది మీడియం స్కోర్ అనే తరగతిలో: మొదటిరోజు ఆరు గంటలు, రెండోరోజు అయిదు గంటలు, ఆలోపు ఎన్ని పాయింట్లు ఏరుకోగలిగితే అన్ని. ఆలస్యమైతే కోత.

రాత్రి కొండల మధ్యే పడుకోవాలి. టెంట్, స్లీపింగ్ బ్యాగు, స్టవ్, తిండి, వాన జాకెట్టు, వాన ప్యాంటు, విజిల్, హెడ్‌టార్చ్, ప్రథమ చికిత్స సామాను, ఆపదలో దూరే ప్లాస్టిక్ సంచి, అన్నీ వీపు మీదే మొయ్యాలి. ఏది తగ్గినా పోటీలోంచి తీసేస్తారు. మొదట నాకది అతిజాగ్రత్త అనిపించింది. 2008లో లేక్ డిస్ట్రిక్ట్‌లోని బారోడేల్‌లో ఇదే పోటీలో జరిగింది చదివాక ఆ మాట మళ్లీ అనలేదు. ఆరోజు పెద్ద వాన, గాలి. పోటీ మధ్యలోనే ఆపేశారు. రెండున్నర వేల మందికి పైగా పాల్గొన్నారు, వందల మంది ఆచూకీ లేదని టీవీల్లో గగ్గోలు. తీరా చూస్తే చాలామంది కొండ మీదే టెంట్ వేసుకునో, రైతుల కొట్టాల్లోనో రాత్రి గడిపి మర్నాడు నడిచొచ్చేశారు.

ఎత్తు చూసి మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోకండి. ఇంగ్లండ్ మొత్తానికి ఎత్తైన స్కాఫెల్ పైక్ 978 మీటర్లే. మన అరకు ఊరే దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి కష్టం ఎత్తుది కాదు, తడిది. అయిదు డిగ్రీల చలిలో వాన, దానికి గాలి తోడైతే ఒళ్లు కొయ్యబారిపోతుంది. పొడి చలికి ఇంత భయపడక్కర్లేదు.

తయారీలో పరుగు ఒక వంతు, వంటింటి తూకం మూడు వంతులు. ప్రతి వస్తువూ గ్రాముల్లో తూచాం. నాది 5.6 కిలోలకి వచ్చింది, వాడిది 5.3. తిండి విషయంలో మా ఆవిడ గొప్ప సాయం చేసింది. ప్యాకెట్లలో అమ్మే ఎండు భోజనం నాకు గొంతు దిగదు. రవ్వ దోరగా వేయించి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు వేసి, ఉప్పు కలిపి జిప్ కవర్లలో పోసిచ్చింది. మరిగే నీళ్లలో పోస్తే మూడు నిమిషాల్లో ఉప్మా. పల్లీ చిక్కీలు, నువ్వుండలు సరేసరి.

ఇంకో సంగతి వాడు నేర్పాడు. నేస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో చెప్పిన లెక్క: చదునులో గంటకి అయిదు కిలోమీటర్లు, పైకెక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట కలుపుకోవాలి. అంటే వంద మీటర్లు ఎక్కడమంటే దాదాపు ఎనిమిది వందల మీటర్లు అదనంగా నడిచినట్టే. కొండ మీంచి అడ్డంగా పోవాలా, చుట్టూ తిరిగి పోవాలా అన్నప్పుడు ఈ ఒక్క లెక్క చాలు.

శనివారం తొమ్మిదిన్నరకి మా వంతు వచ్చింది. గేటు దాటాకే మ్యాప్ చేతిలో పెట్టారు. సెంటీమీటరుకి 400 మీటర్లు, ఎత్తు చూపే గీతకీ గీతకీ 15 మీటర్ల తేడా. గోడ పక్కన కూర్చుని ఏడు కంట్రోల్స్ అనుకున్నాం. మొదటి మూడూ గంటా నలభై నిమిషాల్లో దొరికాయి. మణికట్టుకి కట్టిన డిబ్బర్‌ని (మనం వచ్చిన టైం నమోదు చేసే చిన్న ఎలక్ట్రానిక్ పుల్ల) కంట్రోల్ దగ్గరున్న పెట్టెలో గుచ్చితే 'బీప్' మంటుంది. ఆ శబ్దానికి వచ్చే ఉత్సాహం చెప్పలేను. బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్కల ఆకులన్నీ ఎండి తుప్పు రంగులో ఉన్నాయి. బూడిదరంగు హెర్డ్‌విక్ గొర్రెలు వానలో కదలకుండా మమ్మల్నే చూస్తున్నాయి.

నాలుగోది రెండు వాగులు కలిసేచోట. రాతిగోడ మూల నుంచి ఒక వెడల్పాటి కనుమ దాటి, అవతల దిగాలి. గోడ దగ్గరికి వచ్చేసరికి పొగమంచు కమ్మేసింది. ఇరవై అడుగుల అవతల ఏమీ లేదు. కంపాస్ పెట్టి దిక్కు చూసుకున్నాను, బయల్దేరాం. వాలు మీద అడ్డంగా నడిచేటప్పుడు కాళ్లు తెలియకుండానే కిందికి లాగుతాయి. గడ్డి దుబ్బుల్ని తప్పించుకోవడానికి ప్రతిసారీ కుడివైపే అడుగేశాను. ఒక్కొక్కటీ రెండడుగుల తేడా, అంతే. ఇరవై నిమిషాలు అలా పోయాక వాగు చప్పుడు వినిపించింది. "దొరికింది" అని అరిచి దిగడం మొదలుపెట్టాను.

నూట యాభై మీటర్లు దిగాం. వాగుంది. కలవాల్సిన రెండో వాగు లేదు. ఇంకొంచెం కింద ఉంటుందన్నాను. ఇంకొంచెం దిగాం. మ్యాప్‌లో గీసి ఉన్న బండ ఇదే అన్నాను. అది బండలాగే ఉంది, ఆ కొండల్లో ఏది మాత్రం బండలా ఉండదు? అప్పుడు మా బామ్మర్ది నీళ్ల దగ్గర వంగి, చెయ్యి పెట్టి, తలెత్తకుండా అన్నాడు: "బావా, ఈ వాగు మనది కాదు. మ్యాప్‌లో ఉత్తరానికి పారాలి. ఇది తూర్పుకి పోతోంది."

కంపాస్ పెట్టి చూశాను. తూర్పే. నీళ్లు అబద్ధం చెప్పవు కదా. పక్క లోయలోకి దిగిపోయాం.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. "గడ్డి దుబ్బుల దగ్గరే అనిపించింది. నువ్వు చూస్తున్నావు కదా అని ఊరుకున్నా."

నాకు కోపం రాలేదు. ఆ మాట గుండెలో గుచ్చుకుంది. పెళ్లినాటి నుంచి వాడు నాకు ఎదురు చెప్పి ఎరగడు. నేనది గౌరవం అనుకుని సంతోషించేవాణ్ని. పొగమంచులో, వేళ్లు తిమ్మిరెక్కుతున్నప్పుడు, ఆ గౌరవం మా ఇద్దర్నీ తప్పుడు లోయలోకి దింపింది. "ఒరేయ్, ఈ రెండు రోజులూ నేను నీ బావని కాను. తప్పనిపిస్తే అక్కడే ఆపెయ్" అన్నాను. నవ్వి సరే అన్నాడు.

మళ్లీ ఎక్కి గోడ మూలకి చేరేసరికి యాభై నిమిషాలు పోయాయి. అనుమానం వచ్చినప్పుడు కచ్చితంగా తెలిసిన చోటికి వెనక్కి రావడం తప్ప మార్గం లేదు. నాలుగోది సాధించాం, రెండిటిని వదిలేశాం. నాలుగు నిమిషాలు ఆలస్యంగా క్యాంపుకి చేరాం, పాయింట్లు కోశారు.

క్యాంపంటే బురద పొలం. నీళ్లు వాగులోంచే. మేం చేసిన మంచిపని, తడిబట్టలతో కూర్చోకుండా ముందు టెంట్ వేసి పొడిబట్టల్లోకి మారడం. పొడి సాక్సులు తొడిగి, వాటిపైన బ్రెడ్ ప్యాకెట్ కవర్లు తొడిగి, అప్పుడు తడి బూట్లలో కాళ్లు పెట్టాలి. ఇది అక్కడ అందరూ చేసేదే, మొదటిసారి వెళ్లేవాళ్లు తప్పకుండా పట్టుకెళ్లండి. స్టవ్ మీద ఉప్మా కలుపుతుంటే ఇంగువ వాసన పక్క టెంట్ దాకా వెళ్లింది. అందులో ఉన్న అరవై దాటిన జంట బయటికి తొంగి చూసి ఏమిటని అడిగారు. రెండేసి చెంచాలు పెట్టాం. ఆయన కారానికి కళ్లు తుడుచుకుంటూ ఇంకొంచెం అడిగాడు. మేం పొద్దున చేసిన తప్పు చెబితే ఆవిడ తేలిగ్గా అంది: మ్యాప్ పట్టుకోనివాళ్లకి ఒకటే పని, పది నిమిషాలకోసారి 'మనం ఎక్కడున్నాం' అని అడగడం, పట్టుకున్నవాళ్లు వెంటనే బొటనవేలు పెట్టి చూపించాలి, చూపించలేకపోతే ఆగిపోవాలి.

ఆ రాత్రి పొడుగు రాత్రి. అక్టోబర్ చివరి వారాంతం కాబట్టి రెండింటికి గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. సాయంత్రం ఆరుకే చీకటి, తెల్లారడానికి పదమూడు గంటలు. టెంట్ లోపల ఊపిరి తడి పైన పట్టి చుక్కలుగా మొహం మీద పడుతుంది. ఇద్దరం ఉన్న బట్టలన్నీ వేసుకుని, వీపులు ఆనించుకుని పడుకున్నాం. వాడు చిన్నప్పుడు వాళ్ల నాన్నతో శ్రీశైలం కాలినడకన వెళ్లిన సంగతి చెప్పాడు. పన్నెండేళ్ల చుట్టరికంలో నాకు తెలియని కథ అది.

ఆదివారం మ్యాప్ చేతులు మారుతూ వచ్చింది. ఒక కంట్రోల్‌కి నేను, తర్వాతదానికి వాడు. "ఎక్కడున్నాం?" అంటే బొటనవేలు. మూడోదానికి నేను కొండ మీంచి నేరుగా పోదామన్నాను. "వద్దు బావా, 180 మీటర్లు ఎక్కాలి. చుట్టూ తిరిగితే కిలోమీటరు ఎక్కువ, అంతే" అని అక్కడే నిలబడిపోయాడు. వేళ్ల మీద లెక్కేశాను: 180 అంటే దాదాపు పద్నాలుగు వందల మీటర్లు. వాడిదే రైటు. చుట్టూ వెళ్లాం, గొర్రెలు తొక్కిన సన్నటి బాట కూడా దొరికింది. కంట్రోల్ ఉన్నది సరిగ్గా వాడు వేలు పెట్టిన చోటే. తొమ్మిది నిమిషాలు మిగిలుండగా గేటు దాటాం. ఇద్దరం కలిసి డిబ్బర్ గుచ్చాం.

పట్టికలో మా పేర్లు సగానికి చాలా కింద ఉన్నాయి. ఇచ్చిన చీటీలో మొదటిరోజు నాలుగో కంట్రోల్ పక్కన గంటా పన్నెండు నిమిషాలని ఉంది. ఇంటికొచ్చాక మా ఆవిడ మ్యాప్‌ని రేడియేటర్ మీద ఆరేసింది. మడతల దగ్గర చిరిగింది, తూర్పు వాగు మీద నా బొటనవేలి బురద ముద్ర ఎండిపోయి ఉంది. "దారి ఎవరు చూశారు?" అంది. ఇద్దరం ఒకేసారి జవాబు చెప్పబోయి ఆగాం.

డిసెంబర్‌లో పీక్ డిస్ట్రిక్ట్‌లో పొగమంచు పడుతుందని తెలిసి, కావాలనే ఆ శనివారం కిండర్ పీఠభూమి మీదికి ప్రాక్టీసుకి వెళ్లాం. కంపాస్ వాడి మెడలో వేశాను.